చెరువులో బెల్లం లెక్క

భీమవరం చుట్టుపక్కల ఏ రొయ్యల చెరువు గట్టెక్కినా ఏరియేటర్ల స్విచ్చుల దగ్గర ఒక ప్లాస్టిక్ డ్రమ్ము కనబడుతుంది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంటుంది. పులిసిన ఇడ్లీ పిండికీ కల్లుకీ మధ్య ఎక్కడో ఉండే వాసన అది. లోపల తవుడు, బెల్లం, కాస్త ఈస్టు, ప్యాకెట్టులోంచి పోసిన ప్రోబయాటిక్ పొడి ఉంటాయి. సన్న గొట్టంలోంచి గాలి వెళుతూ బుడగలు లేపుతుంటుంది. పైన తవుడు రంగు నురుగు కడుతుంది. "రాత్రి నానబెట్టేత్తామండి, పొద్దెక్కాక చెరువు చుట్టూ చల్లేత్తామండి. అమ్మోనియా దిగుద్ది, అడుగు శుభ్రపడుద్ది" అంటారు.

ఆ మాటలో రెండు సంగతులున్నాయి. అమ్మోనియా దిగడం నిజమే, కాకపోతే లెక్క సరిపడా వేస్తేనే. అడుగు శుభ్రపడడం మాత్రం చాలాసార్లు తలకిందులుగా జరుగుతుంది. బ్యాక్టీరియా బెల్లాన్ని ఏం చేసుకుంటుందో తెలిస్తే ఈ రెండూ తేలిపోతాయి. ఆ లెక్క పెద్ద కష్టమైనదేం కాదు. ఎకరం చెరువు పెట్టగలిగినవాళ్లు ఎవరైనా వేసుకోగలిగినదే.

బ్యాక్టీరియాకి తిండిలోని కార్బన్ రెండు పనులకి కావాలి. కొంత ఒళ్లు కట్టుకోవడానికి, కొంత ఆ కట్టుబడికి కావలసిన శక్తి కోసం కాల్చుకోవడానికి. ఇల్లు కట్టేటప్పుడు ఇటుకకి కొంత, కూలికి కొంత పోయినట్టే. సూక్ష్మజీవి తిన్న చక్కెరలో ఇంచుమించు 40 శాతం ఇటుకల కిందకి పోతుంది, మిగతా 60 శాతం కూలి కింద కరిగిపోయి బొగ్గుపులుసు వాయువుగా బయటికి వస్తుంది.

కణంలో ఆ కూలి చెల్లించే నాణెం పేరు ఏటీపీ. దాన్ని కండరంలోంచి మొదటిసారి వేరు చేసినవాళ్లలో ఒకాయన ఈ భీమవరంలోనే పుట్టారు. యల్లాప్రగడ సుబ్బారావు, 1895 జనవరి 12న. రాజమండ్రిలో కొన్నాళ్లు చదువుకుని, మద్రాసులో వైద్యం చదివి, హార్వర్డ్ చేరుకున్నారు. అక్కడ సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో ఏటీపీని వేరు చేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దాన్ని పట్టుకున్నారు. మన గుండె కొట్టుకోవడానికీ, రొయ్య తోక ఆడించడానికీ, డ్రమ్ములో బ్యాక్టీరియా రెండుగా చీలడానికీ ఖర్చయ్యేది ఆ ఒక్క నాణెమే. ఒక గ్లూకోజు అణువును ఆక్సిజన్‌తో పూర్తిగా కాలిస్తే సుమారు 30 ఏటీపీలు వస్తాయి. ఆక్సిజన్ లేకుండా పులియబెడితే సాధారణంగా వచ్చేవి 2. డ్రమ్ములోకి గాలి గొట్టం పెట్టడం వెనక, చెరువులో ఏరియేటర్లు తిప్పడం వెనక ఉన్న తేడా ఇదే. అదే బెల్లం మీద 15 రెట్ల రాబడి.

ఇక చెరువు లెక్కకి వద్దాం. ఎకరం చెరువు, 5 అడుగుల నీరు. అంటే సుమారు 60 లక్షల లీటర్లు. పంట మధ్యలో రోజుకి 30 కిలోల మేత వేస్తున్నారనుకుందాం. వనామీ రకం రొయ్య మేతలో ప్రొటీన్ 35 శాతం అయితే, 30 కిలోల్లో 10.5 కిలోల ప్రొటీన్. ప్రొటీన్‌లో ఆరోవంతుకి కాస్త తక్కువ నత్రజని. కాబట్టి రోజుకి 1.68 కిలోల నత్రజని చెరువులోకి దిగుతోంది. రొయ్య తన ఒంట్లో నిలుపుకునేది అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. మిగిలినదాంట్లో కొంత రెట్టగా, తినని మేతగా అడుక్కి పోతుంది. సగానికి సగం, అంటే 840 గ్రాములు, అమ్మోనియాగా నీళ్లలో కలుస్తుందని పట్టుకుంటే లెక్క తప్పదు. 60 లక్షల లీటర్లకి పంచితే లీటరుకి 0.14 మిల్లీగ్రాములు. చూడ్డానికి చిన్నదే. కానీ అది రోజువారీ జమ. ఎవరూ తీయకపోతే పది రోజులకి 1.4 అవుతుంది.

పైగా అమ్మోనియా విషం ఎంతన్నది నీటి పీహెచ్ మీద ఆధారపడుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 7.5 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషరూపంలో ఉండేది రెండున్నర శాతం. పీహెచ్ 8కి ఏడున్నర శాతం. మధ్యాహ్నం పచ్చనీరు (నీటిలో తేలే సన్న నాచు) ఎండకి ఉరకలేసి పీహెచ్ 9కి చేరితే దాదాపు 45 శాతం. ఉదయం కిట్టులో చూసిన అంకె మధ్యాహ్నం మూడింటికి కూడా అదే ఉండొచ్చు. రొయ్యకి మాత్రం అది 18 రెట్ల విషం.

ఈ 840 గ్రాముల్ని తీయడానికి బెల్లం ఎలా పనికొస్తుంది? బ్యాక్టీరియా ఒంట్లో 4 పాళ్ల కార్బన్‌కి 1 పాలు నత్రజని ఉంటుంది. బెల్లంలో నత్రజని లేనట్టే. కాబట్టి బెల్లం తిని ఒళ్లు పెంచుకోవాలంటే నత్రజనిని నీళ్లలోంచే లాక్కోవాలి. అందుబాటులో ఉన్నది అమ్మోనియా. ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్‌లో పనిచేసిన యోరాం అవ్నిమెలెక్ 1999లో ఈ లెక్కని చేపల చెరువుల వాళ్లకి అందేలా రాసిపెట్టారు. పిండిపదార్థంలో కార్బన్ సుమారు సగం, అందులో ఒంటికి పట్టేది 40 శాతం, దానికి నాలుగో వంతు నత్రజని. హెచ్చించుకుంటూ పోతే 1 కిలో నత్రజనిని కట్టేయడానికి 20 కిలోల పిండిపదార్థం కావాలి.

మన 840 గ్రాములకి సుమారు 17 కిలోల చక్కెర. బెల్లంలో తేమ, మడ్డి పోను అసలు చక్కెర 80, 85 శాతం ఉంటుంది. అంటే రోజుకి 20 కిలోల బెల్లం.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎకరానికి రోజూ 20 కిలోలు వేసేవాళ్లు నాకెక్కడా తగల్లేదు. వారానికి ఒకటి రెండుసార్లు నాలుగైదు కిలోలు నానబెట్టడమే మామూలు. 5 కిలోల బెల్లం కట్టేయగలిగే నత్రజని 210 గ్రాములు. ఒక్కరోజు అమ్మోనియాలో పావు వంతు. పైగా రాత్రంతా డ్రమ్ములో నానినప్పుడే ఆ చక్కెరలో కొంత ఖర్చయిపోతుంది, చెరువుకి చేరేది ఇంకా తక్కువ. తవుడు కూడా వేస్తున్నాం కదా అంటారు. తవుడులో నత్రజని తనదే కొంత ఉంది. ఒళ్లు కట్టేటప్పుడు 40 శాతమే నిలుస్తుంది కాబట్టి, తిండిలో కార్బన్ నత్రజనికి 10 రెట్లుంటే లెక్క సరికి సరి. అంతకన్నా ఎక్కువ ఉంటేనే బ్యాక్టీరియా నీళ్లలోని అమ్మోనియా మీద పడుతుంది, తక్కువైతే తనే అమ్మోనియా వదులుతుంది. రొయ్యల మేతలో ఈ నిష్పత్తి 8, 9 దగ్గర ఉంటుంది. మేతతోనే చెరువులో అమ్మోనియా ఎందుకు పేరుకుంటుందో ఆ ఒక్క అంకె చెబుతుంది. తవుడులో నిష్పత్తి 20కి అటూ ఇటూ. పనికొస్తుంది, కానీ బెల్లమంత కాదు, బెల్లమంత తొందరగా కూడా కాదు.

సరే, 20 కిలోలూ వేసేద్దామా? ఇప్పుడు కూలి లెక్క చూడాలి. కిలో చక్కెర పూర్తిగా కాలాలంటే 1.12 కిలోల ఆక్సిజన్ కావాలి. 17 కిలోల్లో 60 శాతం కాలుతుందంటే 11 కిలోలకి పైన. లీటరుకి 5 మిల్లీగ్రాముల డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఉన్న మన చెరువు మొత్తంలో ఉన్న ఆక్సిజన్ 30 కిలోలు. అంటే ఉన్నదాంట్లో మూడో వంతుకి పైగా బెల్లమే తాగేస్తుంది. రొయ్యలకి, అడుగు బురదకి, పచ్చనీటికి రాత్రి వేళ కావలసింది వేరే. ఉష్ణోగ్రత 30 డిగ్రీలుంటే మంచినీరు పట్టగలిగే ఆక్సిజనే లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములు, ఉప్పునీటికి ఇంకా తక్కువ. గిన్నె చిన్నది. అందుకే అనుభవమున్న రైతు ఎండెక్కాకే చల్లుతాడు. పచ్చనీరు ఆక్సిజన్ ఇచ్చే వేళకి బ్యాక్టీరియా ఖర్చు సరిపోయేలా చూస్తాడు. ముసురు పట్టిన రోజు డ్రమ్ము జోలికి పోడు. తెల్లవారుజామున నాలుగింటికి డీఓ పడిపోయి రొయ్య గట్టు పట్టడం ఒక్కసారి చూసినవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంకో లెక్క కూడా ఉంది, దాన్ని ఎవరూ అడగరు. కట్టేసిన అమ్మోనియా ఎక్కడికి పోయింది? మాయం కాలేదు. 840 గ్రాముల నత్రజని బ్యాక్టీరియా ఒళ్లుగా మారితే ఎండబెట్టిన తూకంలో ఆరున్నర, ఏడు కిలోల బ్యాక్టీరియా. రోజుకి. దాంట్లో కొంత రొయ్య తింటుంది. బయోఫ్లాక్ పద్ధతి నిలబడింది ఆ తిండి మీదే, కానీ అక్కడ ఏరియేటర్లు నీటిని రాత్రింబవళ్లు కలియబెడుతూ ఆ ముద్దల్ని తేల్చి ఉంచుతాయి. మామూలు మట్టి చెరువులో అంత కలియబెట్టడం ఉండదు. మిగిలిందంతా మెల్లగా అడుక్కి దిగుతుంది. అడుగు శుభ్రపడాలని చల్లిన బెల్లం అడుగు మీదే కొత్త పొర వేసింది.

అమ్మోనియాని ఇంకో రకం బ్యాక్టీరియాలు కూడా తీస్తాయి. వాటికి బెల్లం అక్కర్లేదు. అమ్మోనియానే ఇంధనంగా కాల్చుకుంటాయి, ఒంటికి కావలసిన కార్బన్‌ని మొక్కల్లాగే నీళ్లలో కరిగిన బొగ్గుపులుసు వాయువు నుంచి, బైకార్బొనేటు నుంచి తీసుకుంటాయి. నైట్రోసోమోనాస్ అమ్మోనియాని నైట్రైటుగా, మరికొన్ని దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. 840 గ్రాములకి వాటికి కావలసిన ఆక్సిజన్ 4 కిలోల లోపే. పుట్టే కొత్త బురద 200 గ్రాములు కూడా ఉండదు. ఏడు కిలోలెక్కడ, 200 గ్రాములెక్కడ! అయితే వీటి నడక నిదానం. చక్కెర తినే ‘ఈ కోలై’ అనే బ్యాక్టీరియా మంచి తిండి, 37 డిగ్రీల వెచ్చదనం దొరికితే 20 నిమిషాలకోసారి రెండవుతుంది. అమ్మోనియాని కాల్చుకునేవి రెండవడానికి సగం రోజో, రోజో పడుతుంది. తుడిచిపెట్టేస్తే మళ్లీ లేవడానికి వారాలు. ప్రతి గ్రాము నత్రజనికి 7 గ్రాముల క్షారతని కూడా తినేస్తాయి. సున్నం, డోలమైటు చల్లే అలవాటు వెనక ఉన్న గట్టి కారణాల్లో ఇదొకటి.

యాంటీబయాటిక్ వేసిన చెరువులో ఈ నిదానపు పనివాళ్లకి కూడా దెబ్బ తగులుతుంది. సుబ్బారావు గారి పర్యవేక్షణలో లెడర్లీ ప్రయోగశాలలో బెంజమిన్ డగ్గర్ 1948లో లోకానికి చూపిన ఆరియోమైసిన్ అనే యాంటీబయాటిక్ అమెరికా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ అనే బ్యాక్టీరియా ఇచ్చిందే. మనుషుల ప్రాణాలు నిలపడానికి పుట్టిన మందుని చెరువులో గుప్పించడం చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు అడుగు సంగతి. ప్రోబయాటిక్‌తో పాటు బెల్లం వేస్తే ఆ బ్యాక్టీరియా బలం పుంజుకుని బురదని తినేస్తుందన్న నమ్మకం చాలా గట్టిది. దీనికి జవాబు 1941లోనే పారిస్‌లో దొరికింది. జాక్ మోనో అనే యువకుడు ఈ కోలైకి గ్లూకోజు, పాలచక్కెర కలిపి పెట్టి ఎంత పెరుగుతోందో గంట గంటకీ గీత గీశాడు. గీత ఒక్కటిగా రాలేదు. ఒకసారి లేచి, నిలిచిపోయి, మళ్లీ లేచింది. బ్యాక్టీరియా ముందు గ్లూకోజు మొత్తం ఊడ్చేసింది. అది ఉన్నంతసేపూ పాలచక్కెర ముట్టలేదు. అయిపోయాక కాసేపు ఆగి, పాలచక్కెరని కోసే ఎంజైములు తయారు చేసుకుని అప్పుడు మొదలుపెట్టింది. తేలిక తిండి ఉన్నంతసేపు కష్టమైన తిండికి కావలసిన పనిముట్లే తయారు చేసుకోదు. ఆ ఆగిన కాసేపు ఎందుకో ఛేదించే దారిలోనే మోనోకి, ఫ్రాన్స్వా జాకబ్, ఆంద్రే ల్వోఫ్‌లతో కలిపి, 1965లో నోబెల్ వచ్చింది.

విస్తట్లో ఆత్రేయపురం పూతరేకు వడ్డించి, పక్కనే ఎండిన పనస తొన పెట్టినట్టు. ఏది ముందు పోతుందో చెప్పక్కర్లేదు. అన్ని బ్యాక్టీరియాల రుచీ ఒకటి కాదు, సూడోమోనాస్ జాతివాటికి గ్లూకోజు కంటే సేంద్రియ ఆమ్లాలు ముందు. కానీ తేలికది ముందు, కష్టమైంది తర్వాత అన్నది చాలావాటికి నియమమే. అడుగు బురదలో ఉన్నది రొయ్య పెంకుల కైటిను, చచ్చిన పచ్చనీరు, పాత మేత. కోసుకోవడం కష్టమైన తిండి. దానిపైన బెల్లం వేస్తే బురద మీద పని వాయిదా పడుతుంది తప్ప వేగం పెరగదు.

ఇంకా కష్టమైన తిండి చూడాలంటే కాగితం మిల్లు దగ్గరికి వెళ్లాలి. రాజమండ్రిలో 1924 నుంచీ అలాంటి మిల్లు ఉంది. కర్ణాటిక్ పేపర్ మిల్స్‌గా మొదలై పేర్లు మారుతూ వచ్చింది. కాగితం తయారీలో చెక్కలోని లిగ్నిన్‌ని విడదీసి పారేయాలి. అది చక్కెర కాదు, ఒకదానికొకటి అడ్డదిడ్డంగా అతుక్కున్న వలయాల గోడ. బ్యాక్టీరియా దాన్ని కోయడానికి చాలా కష్టపడుతుంది, కుళ్లు కర్ర మీది శిలీంధ్రాలే అందులో ఆరితేరినవి. వ్యర్థజలాల పరీక్షల్లో రెండు అంకెలు ఎందుకుంటాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. బీఓడీ అంటే నీళ్లలో ఉన్నదాంట్లో బ్యాక్టీరియా తినగలిగినదానికి పట్టే ఆక్సిజన్. మన దేశంలో 27 డిగ్రీల దగ్గర 3 రోజులు కొలుస్తారు, చలిదేశాల్లో 20 డిగ్రీలు, 5 రోజులు. సీఓడీ అంటే రసాయనంతో బలవంతంగా కాల్చితే పట్టేది. నదులూ కాలువల్లోకి వదిలే నీటికి మన సాధారణ ప్రమాణం బీఓడీ లీటరుకి 30 మిల్లీగ్రాములు, సీఓడీ 250. ఆ రెంటి మధ్య ఉన్న ఎడంలోనే బ్యాక్టీరియా ముట్టని తిండి ఉంటుంది.

చెరువు లెక్కకి సరిగ్గా ఎదురు లెక్క కోనసీమలో ఉంది. 1995 జనవరి 8న పాశర్లపూడి దగ్గర ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. నిప్పు ఆరాక కూడా అక్కడివాళ్ల మాటల్లో ఆ వెలుతురు మిగిలే ఉంది. గ్యాస్ మండుతుంది, గాలిలో కలుస్తుంది. ముడిచమురు వరి పొలంలో చిందితే మాత్రం అక్కడే ఉండిపోతుంది, దాన్ని తినాల్సింది మట్టిలోని బ్యాక్టీరియానే. తినగలవు కూడా. చమురులో పొడవాటి కార్బన్ గొలుసు చివర ఒక ఆక్సిజన్ తగిలించి, దాన్ని కొవ్వు ఆమ్లంగా మార్చి, రెండేసి కార్బన్లు చొప్పున కోసుకుంటూ పోతాయి. గొలుసులు ముందు, కొమ్మలున్నవి తర్వాత, వలయాలు ఆ తర్వాత. తారులాంటి మడ్డి చివరికి మిగిలిపోతుంది. ఈ పనితనాలన్నిటినీ ఒకే కణంలోకి తేవాలని చూసినవాడు మన దేశం నుంచి వెళ్లిన ఆనంద మోహన్ చక్రవర్తి. జనరల్ ఎలక్ట్రిక్‌లో ఆయన తయారుచేసిన సూడోమోనాస్ మీదే 1980లో అమెరికా సుప్రీంకోర్టు, 5-4 తేడాతో, ప్రాణమున్న సూక్ష్మజీవికి పేటెంటు ఇవ్వొచ్చని తీర్పిచ్చింది.

అయితే పొలంలో కొరత బ్యాక్టీరియాది కాదు. రొయ్యల చెరువులో నత్రజని ఎక్కువై కార్బన్ తక్కువ, చమురు పడిన పొలంలో కార్బన్ మేటలేసి నత్రజని, భాస్వరం తక్కువ. వాడుకలో ఉన్న నిష్పత్తి 100 పాళ్ల కార్బన్‌కి 10 నత్రజని, 1 భాస్వరం. కిలో చమురులో 850 గ్రాముల కార్బన్. దానికి 85 గ్రాముల నత్రజని, అంటే సుమారు 185 గ్రాముల యూరియా. భాస్వరానికి 40 గ్రాములు దాటిన డీఏపీ, అందులోని నత్రజని మేరకి యూరియా తగ్గించుకోవచ్చు. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక చమురు ఒలికినప్పుడు రాళ్ల మీద ఎరువు చల్లింది ఈ లెక్కతోనే. అక్కడ బెల్లం చల్లితే బ్యాక్టీరియా బెల్లం తినేది, ఉన్న కాస్త నత్రజనీ దానికే ఖర్చు పెట్టేసేది.

ఆక్సిజన్ లెక్క ఇంకా కటువు. కిలో చమురు కాలడానికి 3.4 కిలోల ఆక్సిజన్ కావాలి. నిండుగా ఆక్సిజన్ పట్టిన నీళ్లలోంచి తీసుకోవాలంటే నాలుగున్నర లక్షల లీటర్లు. నీరు నిలిచిన వరి మడిలో అది జరిగే పని కాదు. అదే 3.4 కిలోలు గాలిలో అయితే 12 ఘనపు మీటర్లలో దొరుకుతుంది, ఒక చిన్న గదిలో సగం. అందుకే చమురు పడిన మడికి మొదటి వైద్యం నీరు తీసేయడం, ఆరబెట్టడం, దున్నడం. మందు పొట్లాలు ఆ తర్వాత.

చెరువు అడుగుకీ ఇదే వైద్యం. పట్టుబడి అయ్యాక తూము ఎత్తి నీరు దించేసిన చెరువులోకి దిగితే కాలు పిక్క దాకా కూరుకుపోతుంది. పైన కొన్ని మిల్లీమీటర్లు గోధుమరంగు పొర, ఆక్సిజన్ దిగగలిగింది అంతవరకే. కింద కాటుకలాంటి నలుపు. కాలు పైకి లాగితే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆక్సిజన్ దొరకని చోట బ్యాక్టీరియా ఊపిరికి నైట్రేటు, ఇనుము, ఆపైన సల్ఫేటు వాడుకుంటాయి. సముద్రపు నీటిలో లీటరుకి 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. ఉప్పునీటి చెరువుల్లో ఆ ఊపిరికి లోటు లేదు. సల్ఫేటు నుంచి పుట్టిన హైడ్రోజన్ సల్ఫైడు ఇనుముతో కలిసి నల్లబడుతుంది, ఇనుము చాలకపోతే నీళ్లలోకి తేలి రొయ్యని చంపుతుంది.

ఎండాకాలం కాలువలు కట్టేసిన రోజుల్లో ఆ అడుగుని ఎండకి వదిలేస్తే రెండు మూడు వారాల్లో నెర్రెలు విచ్చుతుంది. నెర్రెల్లోంచి గాలి లోపలికి దిగుతుంది. చెయ్యి పెట్టి ఒక పెళ్లని విరిచి చూస్తే అంచుల నుంచి లోపలికి నలుపు పోయి, తుప్పు రంగు ఎంత లోతుకి వచ్చిందో తెలుస్తుంది. నడుమ ఇంకా నల్లగా ఉంటే, మరో వారం ఆగి తూము తీయాలి.